పొయ్యికాడి చరిత్ర: గటక, తునకలు, కల్లం గింజలు

తెలుగువాళ్ల తిండి చరిత్ర రాసేవాళ్లకు ఆధారాల కొరత ఎన్నడూ లేదు. కావ్యాలున్నాయి, చాటుపద్యాలున్నాయి, గుళ్లల్లో దేవుడికి రోజూ ఎంత బియ్యం, ఎంత పెసరపప్పు, ఎంత నెయ్యి పెట్టాలో చెక్కిన శాసనాలున్నాయి. అచ్చయిన వంట పుస్తకాలు సరేసరి. వీటన్నిటినీ ఒక దగ్గర పెట్టుకుని చదివితే ఈ నేల మీద వెయ్యేండ్ల నుంచి అందరూ నెయ్యి పోసుకుని వరన్నమే తిన్నారేమో అనిపిస్తుంది. మరి ఆ వరి నాటినోళ్లు ఏం తిన్నారు? ఆ నెయ్యికి పాలిచ్చిన బర్రె చచ్చిపోతే ఎవరు ఎత్తుకుపోయారు, దాన్ని ఏం చేసుకున్నారు? ఇవి అడగనంతకాలం వంటల చరిత్ర పేరుతో మనం చదివేది భోజనం చేసి లేచినవాళ్ల చరిత్రే.

శ్రీకృష్ణదేవరాయలు రాసిన ‘ఆముక్తమాల్యద’నే తీసుకుందాం. విష్ణుచిత్తుని ఇంట్లో అతిథులకు వానాకాలం ఒక తీరు, చలికాలం ఒక తీరు, ఎండకాలం ఒక తీరు భోజనం. పదహారో శతాబ్దపు వంట ఎట్లుండెనో చెప్పాలంటే పండితులు ముందుగా తెరిచేది ఈ పద్యాలనే. అదే కావ్యంలో మాలదాసరి కథ కూడా ఉంది. తెల్లారకముందే దేవుడి దగ్గర పాడటానికి బయల్దేరిన ఆ మనిషి దారి తప్పి బ్రహ్మరాక్షసుని చేతిలో పడతాడు. బ్రాహ్మణుని ఇంట్లో ఏ కాలానికి ఏం వండారో కవి చెప్పిండు. మాలవాడి ఇంట్లో పొయ్యి మీద ఏముందో ఆ పద్యాల్లో వెతికితే దొరకదు. మాలవాడు అక్కడ కనిపించేది రాక్షసుడు తినబోయే మాంసంగా. దాసరి భక్తికి మురిసిపోయిన విమర్శకులు ఎంతోమంది ఉన్నారు. ఆ రాత్రి ఆయన ఏం తిని ఇల్లు దాటిండో అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల సంగతి అందరికీ తెలిసిందే. పల్నాటికి పోతే వరన్నం లేదు, అంతా జొన్నకూడేనని వెక్కిరింత. తెలుగు మాస్టార్లు ఈ పద్యాలు చెప్పి క్లాసును నవ్విస్తారు. జొన్నకూడు తిని బడికొచ్చిన పిల్లలు కూడా ఆ క్లాసులో కూర్చుని నవ్వాల్సి వస్తుంది. కవి వెక్కిరించింది నీళ్లు లేని నేలనేగదా అని సర్దిచెప్పేవాళ్లున్నారు. నిజమే. కాని నీళ్లున్న నేల మీద కూడా వరి పండించినవాడికి వరి మిగల్లేదన్నది ఆ సర్దుబాటులో కొట్టుకుపోతుంది.

దీనికి ఎదురుగా నిలబడే ఆధారం తెలుగులోనే ఒకటుంది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో మాదర చెన్నయ్య కథ చెప్పిండు. శివుడు మాదిగ చెన్నయ్య ఇంట్లో అంబలి తాగిండు, ఆనాడు చోళరాజు పెట్టిన నైవేద్యాన్ని ముట్టలేదు. రాజుకు అది పెద్ద అవమానమైంది. మాదిగవాడి అంబలి తెలుగు కావ్యంలోకి ఇంత గౌరవంగా వచ్చిన చోటు ఇంకొకటి నాకు తెలియదు. అయితే ఇక్కడ కూడా అంబలి భక్తికి గుర్తుగానే వచ్చింది. అది దేంతో కాచింది, ఎన్ని నీళ్లు పోసింది, ఆ ఇంట్లో దేవుడు తాగిపోయినంక ఎవరికి మిగిలింది అన్నది పురాణానికి పట్టదు. అవి మనకు పట్టాలి.

ఆ వీరశైవులు లేచిన కళ్యాణం మా జహీరాబాదుకు దూరమేం కాదు. ముంబై రోడ్డు పట్టుకుని పోతే హుమ్నాబాదు దాటినంక బసవకళ్యాణ్ వస్తది. బసవనికి కొంచెం ముందు అదే ఊరు రాజధానిగా ఏలిన చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం చేయించిండు. అందులో రాజు అనుభవించాల్సిన భోగాల్లో అన్నభోగం ఒకటి. ఆ భాగంలో నెత్తురు కలిపి వండే మాంసం ఉంది, పేగులతో చేసే వంటకం ఉంది, ఏటి ఒడ్డు పొలాల్లో తిరిగే ఎలుకలను పట్టి వండే పద్ధతి ఉంది. మా వాడల్లో ఇప్పటికీ వండే నల్ల, బోటి ఆనాడు రాజు పళ్లెంలో ఉన్నాయన్నమాట. రాజు తింటే అది భోగం, సంస్కృతంలో రాసిపెట్టదగిన శాస్త్రం. అదే మాదిగింట్లో వండితే నీచం. చేయి మారితే కూర పేరు మారిపోయింది. (ఇదే కళ్యాణం పేరు హైదరాబాదులో ఇంకో రకంగా బతికుంది. కళ్యాణీ నవాబుల ఇంటి నుంచి వచ్చిందని చెప్పే కళ్యాణీ బిర్యానీ పెద్దమాంసంతో చేసేది. రిక్షావాళ్లు, హమాలీలు, హాస్టల్ పిల్లలు కడుపునిండా తినగలిగిన బిర్యానీ అదే.)

ఇక అచ్చు పుస్తకాలు. మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ 1950ల నుంచి తెలుగిండ్లల్లో ఎన్ని ముద్రణలు పొందిందో చెప్పనక్కర్లేదు. కొత్తగా కాపురం పెట్టిన చదువుకున్న ఆడవాళ్లకు, అమ్మ పక్కన లేని ఊళ్లో, ఆ పుస్తకం అమ్మ చేసే పని చేసింది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నేను అడిగేది వేరు. వంట పుస్తకం ఏదైనా ఒకటి ముందే అనుకుంటుంది: ఇంట్లో డబ్బాల నిండా సరుకులున్నాయని. ఇంత పప్పు తీసుకోండి, ఇంత నూనె పోయండి అంటుంది. తీసుకోవడానికి ఉంటే కదా.

మా వాడల్లో వంటకు కొలత లేదంటారు. ఆడవాళ్లు అందాజగా వేస్తారు, చేతి వాటం, అది వాళ్ల నేర్పు అని పొగిడేవాళ్లు కూడా ఉన్నారు. ఆ పొగడ్తను నేను ఒప్పుకోను. కొలత ఉండేది. అది వంటింట్లో లేదు, కల్లం కాడ ఉండేది. నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. కైకిలికి పోయిన ఆడమనిషికి పొద్దుమీకినంక ఎన్ని సోలలు కొలిచిపోశారు అన్నదే ఆ రాత్రి వంట. కొలిచేది పటేలు మనిషి. సోల నిండినంక పైన అరచేత్తో గీసేస్తే ఒక కొలత, గోపురంగా పోస్తే ఇంకో కొలత. గీసిన సోలకూ గోపురం సోలకూ మధ్య ఉన్న గింజలతో ఒక పిల్లకు కడుపు నిండుతది. ఏడాది జీతమున్న మగవాళ్లకు గింజలు కల్లంలోనే పంచేవాళ్లు, అందులోంచి అంతకుముందు నాగుకు తీసుకున్నవి పట్టుకునేవాళ్లు. నాగు అంటే గింజల అప్పు. కుంచం తెస్తే పంట కాలానికి కుంచమున్నర కొలవాలి. ఆ లెక్కలు మా ముసలవ్వ నోటికి చెప్పేది, పటేలు దఫ్తరు కన్నా సరిగ్గా. వంటకు కొలత అక్కర్లేకపోవడానికి కారణం ఇదే. ఉన్నదంతా వేయాల్సిందే, ఎక్కువ తక్కువలు నీళ్లతో సరిచేయాల్సిందే.

ఈ నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జొన్నలను కోడి కూయకముందే లేచి విసుర్రాయిలో విసిరేవాళ్లు. విసిరింది జల్లెడ పడితే మెత్తటి పిండి కిందికి, రవ్వ పైన. పిండి రొట్టెకు, రవ్వ గటకకు. రొట్టెకు వేడినీళ్లు పోసి పిండిని బాగా మర్దించి, చేతితో తట్టి పెంక మీద కాల్చాలి. గటకకు ఎసరు మరిగినంక రవ్వ పోసి, ఉండ కట్టకుండ తెడ్డుతో తిప్పుతూ ఉడికించాలి. పచ్చిపులుసో, సల్లో, ఏదీ లేకుంటే ఉల్లిగడ్డ కొరుక్కుని తినాలి. మిగిలిన గటకలో నీళ్లు పోసి పెడితే తెల్లారికి పులిసి చద్ది. ఇక అంబలికి గుప్పెడు పిండి చాలు, కుండెడు నీళ్లు. ఒకే గింజ, మూడు వంటలు. సిరిధాన్యాల పుస్తకాలు ఇప్పుడు వీటిని మూడు రకాల రుచులుగా రాస్తున్నాయి. మా ఇంట్లో ఇవి మూడు రకాల నెలలు. పంట ఇంటికొచ్చిన కొత్తలో రొట్టె. గింజలు గాదె అడుగుకు పోతున్నకొద్దీ గటక. మిరుగం కార్తె దాటి ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి అంబలి. ఇంటి పొయ్యి మీద ఏముందో చూస్తే ఆ ఇంట్లో ఎన్ని రోజుల గింజలున్నాయో వాడకట్టు మొత్తానికి తెలిసిపోయేది. అందుకే కొందరు తలుపు దగ్గరికేసుకుని అంబలి తాగేవాళ్లు.

సరిగ్గా ఆ ఆకలి నెలల్లోనే వానలకు ఆకుకూరలు లేచేవి. ఎవరూ విత్తనం వేయనివి, నీళ్లు కట్టనివి. తుమ్మికూర, గునుగుకూర, దొగ్గలికూర, పొన్నగంటి, గంగవాయిలి, జొన్నచేన్లో వచ్చే జొన్న చెంచలి. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు తీసిన కలుపులోంచి కూరకు పనికొచ్చేది ఏరి ఒడిలో వేసుకునేవాళ్లు. భూమి లేని మనిషికి ఊరి భూమి మీద ఉన్న ఒకే ఒక హక్కు అది. రైతుకు కలుపు, కూలికి కూర. ఇద్దరికీ తగాదా లేదు. ఏ ఆకును నీళ్లు వంపేసి వండాలి, ఏది లేతగా ఉన్నప్పుడే తెంపాలి, బాలింత ఏది తినొచ్చు అన్న తెలివంతా ఈ ఒళ్లోనే పెరిగింది. వరికి, మక్కకు, పత్తికి గడ్డిమందులు కొట్టడం మొదలైనంక కలుపు కూలీ పోయింది, దాంతో కూరా పోయింది. కూలి దినాలు తగ్గినందుకు మాట్లాడినవాళ్లు ఉన్నారు. కూర పోయినందుకు ఎవరూ లెక్క కట్టలేదు, ఎందుకంటే అది ఎన్నడూ ఏ లెక్కలోనూ లేదు.

మాంసం దగ్గరికి వద్దాం. ఇక్కడే మన చరిత్రకారులు గొంతు తగ్గిస్తారు, మనవాళ్లలో చదువుకున్నవాళ్లు కూడా.

వలసకాలపు గ్రంథాల్లో, 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ పుస్తకంతో సహా, మాదిగల గురించి రాసినచోట చచ్చిన గొడ్డును తినడం ఒక జాతి లక్షణంలాగ కనిపిస్తుంది. కళ్లు ఈ రంగు, ముక్కు ఇంత పొడుగు, తిండి ఇది. ఊళ్లో ఆ గొడ్డు ఎవరిది, దాన్ని ఎత్తేసే పని ఎవరి మెడకు కట్టారు, తోలు ఎటు పోయింది అన్న లెక్క వేస్తే కథ వేరేగా ఉంటుంది. రైతు ఇంట్లో గొడ్డు చస్తే ఎత్తేయడం మాదిగ వెట్టి. తోలు తీసి, సున్నం పెట్టి, తంగేడు చెక్కతో ఊనిచ్చి, మళ్లీ అదే రైతుకు చెప్పులుగా, మోకుగా, మోటకు తొండంగా కుట్టి ఇవ్వాలి. మోట లేకపోతే బావి కింద వరి లేదు. అంటే విష్ణుచిత్తుల అన్నానికి నీళ్లు తోడింది మాదిగ తోలే. ఇంత పనికి ప్రతిఫలం కల్లం కాడ కొన్ని గింజలు, ఆ గొడ్డు మాంసం. కాబట్టి ఆ మాంసం కూలిలో ఒక భాగం. కూలిని డబ్బుల్లో ఇచ్చి ఉంటే ఏం కొనుక్కునేవాళ్లమో ఎవరూ చూడనివ్వలేదు. కరెంటు మోటార్లు వచ్చి మోట మూలన పడింది, ట్రాక్టర్లతో పశువులు తగ్గాయి, ఫ్యాక్టరీ చెప్పులొచ్చాయి. ఈ మూడింటితో ఆ పాత లెక్క మొత్తం తెగిపోయింది.

చచ్చిన గొడ్డు వేరు, కోసిన పెద్దకూర వేరు. బయటివాళ్లు రెండింటినీ ఒక్కటే చేసి చూస్తారు. వాడలో ఒక దున్నను కోస్తే మాంసాన్ని పోగులు వేసేవాళ్లు. ప్రతి పోగులో కొంచెం మెత్తటి ముక్క, కొంచెం కార్జం, కొంచెం బోటి, ఒక మూలుగ బొక్క. ఏ పోగు ఎక్కువ, ఏది తక్కువ అన్న మాట రాకుండ పోగులు వేయడం ఒక విద్య, అది వాడకు ఒకరిద్దరికే చేతనయ్యేది. పైసలు ఉన్నోళ్లు అప్పుడే ఇస్తారు, లేనోళ్లు పంటకు ఇస్తారు. ఎవరి ఇంట్లోనూ పోగు లేకుండ ఉండదు. హెన్రీ వైట్‌హెడ్ అనే మద్రాసు బిషప్పు 1916లో దక్షిణాది గ్రామదేవతల మీద రాసిన పుస్తకంలో దున్నను బలిచ్చి, తలను దేవత ముందు పెట్టి, ముందరికాలు నోట్లో పెట్టి, దాని మీద కొవ్వుతో దీపం వెలిగించడం వర్ణించిండు. ఆయన అక్కడ బలిని చూసిండు. ఆ మాంసం తర్వాత ఏ పోగులుగా ఎవరికి పోయింది అన్న దాంట్లో ఊరి రాజ్యాంగమంతా ఉంది.

ఫ్రిజ్ లేని ఇంట్లో ఒక పోగు మాంసం ఒక్కపూటలో అయిపోతే మళ్లీ ఎన్నడో. అందుకే తునకలు. మా అవ్వ చేసే పద్ధతి ఇది. మాంసాన్ని కొవ్వు తీసేసి, నారలు పోయే దిక్కు చూసి పొడుగ్గా, వేలు మందాన కోయాలి. ఉప్పు, పసుపు పట్టించి కాసేపు ఉంచి, తాడు మీద విడివిడిగా ఆరేయాలి. ఒకదానికొకటి తగిలితే అక్కడ తడి నిలిచి పురుగు పడుతుంది. గట్టి ఎండలో మూడు నాలుగు రోజులు. కాకులకు కావలి పిల్లల పని. రాత్రి మంచుకు తడవకుండ ఇంట్లోకి తేవాలి. విరిస్తే పుటుక్కున విరిగినప్పుడు ఎండినట్టు. కుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టాలి, మధ్య మధ్య మళ్లీ ఎండ చూపాలి. తీసిన కొవ్వును కరగబెట్టి దాచేది, నూనె కొనే పని లేకుండ. వండే రోజు తునకలను నిప్పుల మీద కాల్చి, రోట్లో రెండు దెబ్బలు వేసి, కడిగి, గోంగూరలోనో, సొరకాయలోనో, దోసకాయలోనో వేయాలి. గోంగూర పులుపుకు తునక మెత్తబడుతుంది. సొరకాయ అయితే ముక్కలు పెరిగినట్టు కనబడుతుంది. నాలుగు తునకలతో ఎనిమిది మందికి కూర.

నల్ల వండటానికి నెత్తురును గిన్నెలో పట్టి గడ్డకట్టనిచ్చి, ఉడికించి, చిదిపి, ఉల్లిగడ్డ, మిరపకాయతో వేయించాలి. బోటికి వేడినీళ్లు, సున్నం, ఓపిక కావాలి. పేగును తిరగేసి కడగడానికి ఆడమనిషికి అర్ధదినం పడుతుంది. పారేయడం అనే మాట ఈ వంటలో లేదు. ఇదంతా చదివి ముక్కు మూసుకునేవాళ్లు ఉప్పు, ఎండ, గాలి అనే మూడింటితో మాంసాన్ని నెలలపాటు నిలవబెట్టిన పరిజ్ఞానం ఎవరిదో ఒక్కసారి ఆలోచించాలి. ఆవకాయ నిలవ పెట్టడం సంస్కృతి అయినప్పుడు తునకలు నిలవ పెట్టడం ఏమవుతుంది?

మరి అంబేద్కర్ వద్దన్నడు గదా అని మనవాళ్లే అడుగుతారు. అడగాల్సిందే. 1927 మార్చిలో మహాడ్ సభలో ఆయన చచ్చిన గొడ్డు మాంసం మానమని చెప్పిండు. ఎంగిలి మెతుకులు, అడుక్కున్న ముక్కలు వదులుకోమన్నడు. దానికి ముందూ వెనకా మన దగ్గర కూడా సంస్కరణ ఉంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములమనే పేరు వదిలి ఆది-ఆంధ్రులమని చెప్పుకుంది. హైదరాబాదులో ఆయన తాగుడు మీద, జోగిని ఆచారం మీద పోరాడిండు. పేరు మార్చుకోవడం, తిండి మార్చుకోవడం రెండూ ఆ తరానికి ఒకే పోరాటంలో భాగాలు. వాటిని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని బ్రాహ్మణీకరణ అని కొట్టేయడం తేలిక, కాని అన్యాయం. అంబేద్కర్ తెంపమన్నది ఊరి పెత్తనంతో ఉన్న ముడిని. గొడ్డు ఎత్తకపోతే వెట్టి లేదు, వెట్టి లేకపోతే పటేలుకు పట్టు లేదు. 1948లో ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో ఆయనే బ్రాహ్మణులు ఒకప్పుడు గోమాంసం తిన్నారని, బౌద్ధంతో పోటీలో మానేశారని, అంటరానితనానికి మూలం అక్కడ వెతకాలని వాదించిండు. మాంసం అపవిత్రమని ఆయన ఎక్కడ అన్నడు? 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి కొట్టినంక అక్కడి దళితులు గొడ్లను ఎత్తమని తెగేసి చెప్పారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేశారు. ఒకటి మానడం, ఇంకోటి తినడం. పైకి ఎదురెదురుగా కనబడే ఈ రెండు పనులకూ మహాడ్‌తో చుట్టరికం ఉంది. ఏం తినాలో, ఏం మోయాలో మేమే తేల్చుకుంటామన్నది రెండింట్లోనూ ఉంది.

ఊళ్లో ఈ తేల్చుకోవడం అంత సాఫీగా జరగలేదు. మా వాడలో మానినవాళ్లు మాననివాళ్ల ఇంట్లో నీళ్లు తాగని రోజులు ఉన్నాయి. క్రైస్తవంలోకి పోయినవాళ్లది ఒక దారి, మాల వేసుకున్నవాళ్లది ఇంకో దారి. పెద్దకూర అనే మాటే ఒక దాపరికం. పట్నంలో కిరాయి ఇల్లు అడిగితే ‘నాన్‌వెజ్ తింటారా’ అని అడిగి కులం తెలుసుకుంటారు. అట్లా రెండు ఇండ్లు నేనూ పోగొట్టుకున్న. ఇంటి మేడ మీద తునకలు ఆరేసే ధైర్యం హైదరాబాదులో చదువుకున్న మాదిగ కుటుంబాల్లో ఎంతమందికి ఉంది? వాసన వస్తుందని కాదు, వాసన చెప్పేస్తుందని. చట్టం ఒత్తిడి దీనికి తోడు. 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఉండనే ఉంది. 2017 మేలో కేంద్రం సంతల్లో పశువులను కోతకు అమ్మకుండ నిబంధనలు తెచ్చింది, జూలైలో సుప్రీంకోర్టు వాటిని ఆపింది. కాగితం మీద ఆగింది. దున్నను తోలుకొచ్చే మనిషికి రోడ్డు మీద భయం మాత్రం ఆగలేదు, ధర పెరిగింది, పోగు చిన్నదైంది.

పోగు ఇంటికొచ్చినంక కూడా ఒక చరిత్ర ఉంది. దాన్ని మన మగ రచయితలు ఎక్కువగా దాటేశారు. కూర వండిన మనిషి ఆఖరున తింటుంది. ముందు మొగోళ్లు, తర్వాత పిల్లలు, అందులోనూ ముందు కొడుకులు. మా అవ్వకు తునక దక్కిన రోజులు నాకు గుర్తున్నంతవరకు తక్కువ. ఆమె గంటెతో కుండ అడుగు గోకి, ఆ పులుసులో గటక కలుపుకునేది. అదే ఎక్కువ రుచి అని చెప్పేది. ఆ మాటను రుచి గురించిన సాక్ష్యంగా రాసుకునే పరిశోధకులు కూడా ఉంటారు, జాగ్రత్తగా ఉండాలి. ‘దళిత వంట’ అని మనం గర్వంగా చెప్పేటప్పుడు ఆ వంటలో ఆమె వాటా ఎంత అని కూడా చెప్పాలి.

ఇంకొకటి. వంట తల్లి నుంచి బిడ్డకు అందుతుందని అందరూ అంటారు. నన్ను మా అవ్వ పొయ్యి దగ్గరికి రానియ్యలేదు. రొట్టె తట్టబోతే పుస్తకం పట్టుకోమని కసిరేది. ఆమెకు ఆ వంట అంటే విసుర్రాయి, ఊదుగొట్టం, కండ్లల్ల పొగ. అది తన బిడ్డకు అందకూడదని ఆమె గట్టిగా అనుకుంది. మా ఇంట్లో మొదటి డిగ్రీకి, తెగిపోయిన వంటకు మధ్య ఈ సంబంధం ఉంది. చాలామంది మొదటి తరం చదువుకున్నవాళ్ల ఇండ్లల్లో ఇదే జరిగింది. ఆధునికత వచ్చి సంప్రదాయం మాయమైంది అని రాసేస్తే ఆ తల్లులు తెలిసి తీసుకున్న నిర్ణయం కనబడకుండ పోతుంది.

గటక మా ఇంట్లోంచి పోవడానికి మాత్రం ఇంకో పెద్ద కారణం ఉంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం తెచ్చింది. సిరిధాన్యాల ప్రేమికులు ఈ పథకాన్ని తిడతారు. జొన్నచేన్లు పడావు పడ్డాయి, నేల రకాలు పోయాయి, వరి ఒక్కటే తిండి అయింది అంటారు. అందులో నిజముంది. కాని పండుగకు తప్ప వరన్నం ఎరుగని వాడకు రోజూ వరన్నం వచ్చిన సంగతి వాళ్లు చెప్పరు. పటేలు సోల మీద ఆధారపడకుండ, నాగు తేకుండ రాత్రి పొయ్యి వెలిగింది. పెద్దోళ్లు తినేది మేమూ తింటున్నం అన్న ధీమా అందులో ఉంది. తెలంగాణలో 2025 నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డు బియ్యానికీ సన్నబియ్యానికీ మధ్య ఉన్న మర్యాద తేడా తెలియనివాళ్లకు ఈ సంతోషం అర్థం కాదు. శ్రీనాథుని చాటువుకు ఇన్నేండ్లకు జవాబు రేషన్ షాపులో దొరికింది అనుకోవచ్చు.

మా జహీరాబాదు దిక్కు ఇంకో జవాబు కూడా వచ్చింది. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. 1990ల నడుమ వాళ్లు పడావు భూములు సాగులోకి తెచ్చి, ఆ జొన్నలనే ఊళ్లో పేదలకు తక్కువ ధరకు ఇచ్చే రేషన్ పెట్టుకున్నారు. బియ్యం రేషన్‌కు ఎదురుగా జొన్న రేషన్. ఎవరికి ఎక్కువ అవసరం అన్నది అధికారి కాకుండ ఊళ్లో ఆడవాళ్లే తేల్చారు. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని పాత పంటల జాతర తీశారు. 2008లో మాచనూర్‌లో సంఘం రేడియో పెట్టి తమ మాటల్లోనే విత్తనం, కూర, రోగం గురించి మాట్లాడారు. ఒకప్పుడు సోల పట్టుకుని కల్లం కాడ నిలబడ్డ ఆడవాళ్ల చేతికి విత్తనం కుండ రావడం చిన్న విషయం కాదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినంక అవే కొర్రలు, సామలు పట్నంలో రంగుల ప్యాకెట్లలో బియ్యం కన్నా ఎక్కువ ధరకు వచ్చాయి. షుగరు వచ్చినవాళ్లకు డాక్టర్లు జొన్నరొట్టె తినమంటున్నారు. గటకకు హోటల్ మెనూలో చోటు దొరికింది. తునకలకు దొరకలేదు. గింజను కడిగి లోపలికి తీసుకున్నంత తేలికగా మాంసాన్ని తీసుకోలేరు.

రాతలోకి తెచ్చే పని పక్క భాషలో జరిగింది. పూణె యూనివర్సిటీ మహిళా అధ్యయన కేంద్రం 2009లో దళితుల తిండి జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చింది. షాహూ పాటోళే 2015లో మరాఠ్వాడా మాంగు, మహారుల వంటలను మరాఠీలో రాస్తే, 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. అందులోని జొన్నరొట్టె, ఎండబెట్టిన మాంసం మా సరిహద్దు ఊళ్ల వంటలకు దగ్గరి చుట్టాలు. నిజాం రాజ్యంలో మరాఠ్వాడా, తెలంగాణ ఒకే సర్కారు కింద ఉన్నాయి, పొయ్యిలకు ఆ గీత తర్వాత గీశారు. తెలుగులో ఈ పని ఎక్కువగా కథల్లో జరిగింది, జాజుల గౌరి ‘మన్నుబువ్వ’లో, గోగు శ్యామల కథల్లో. చరిత్ర శాఖల్లో కూర్చున్నవాళ్లకు కథ ఆధారం కాదు. మరి ఏది ఆధారమో వాళ్లు తయారు చేసుకోలేదు.

ఆ తయారీకి పనికొస్తుందని నేను ఒక పద్ధతి పెట్టుకున్న. ముసలోళ్ల దగ్గర వంట అడిగేటప్పుడు ఏమేం వేస్తారు అని మొదలుపెడితే రెండు మాటల్లో అయిపోతుంది. ఆ గింజలు ఎవరి కల్లం నుంచి వచ్చాయి, ఏ పనికి, ఎన్ని సోలలు, గీసినవా గోపురమా; ఆకు ఎవరి చేన్లోది, రైతు ఏమనకపోయేనా; పోగులు ఎవరు వేశారు, పైసలు ఎప్పుడిచ్చారు; ఎంతమంది తిన్నారు, ఎవరు ముందు, ఎవరు ఆఖరు. ఇట్లా అడిగితే పొద్దుగూకేదాకా చెప్తారు. ఉప్పు ఎంత అంటే మాత్రం నవ్వుతారు. మా అవ్వ చెప్పిన ఆకుల్లో ఇంకా మూడింటికి నేను మొక్క చూడలేదు. వానలు పడ్డంక మందు కొట్టని చేను ఎక్కడన్నా దొరికితే చూపిస్తానన్నది.